అవును, కాదు, సంబంధం లేదు

ఒకరు ఒక జవాబును మనసులో ఉంచుకోగా, మిగిలినవారు అవునని గాని కాదని గాని బదులివ్వడానికి వీలైన ప్రశ్నలు మాత్రమే వేస్తూ ఆ జవాబును పట్టుకునే ఆటను చాలామంది ప్రయాణాల్లో పొద్దుపోవడానికి ఆడుకునే పిల్లల ఆటగానే ఎరుగుదురు. అయితే తెలియని విషయం ఎదురైనప్పుడు నలుగురు కలిసి ఎలా ఆలోచించాలి, ఒకరి ప్రశ్నను మరొకరు ఎలా అందిపుచ్చుకోవాలి, తోవ తప్పిన సంగతిని ఎప్పుడు గుర్తించాలి అన్నవాటిని ఇంత తక్కువ సరంజామాతో అభ్యాసం చేయించే పద్ధతి మరొకటి అరుదు. కాగితం, కలం, ఒక మంచి చిక్కు ప్రశ్న ఉంటే చాలు. వేర్వేరు దేశాల్లో స్థిరపడిన కుటుంబ సభ్యులు ఫోనులో సైతం ఆడుకోవచ్చు. ఈ ఆటలో నేర్పంతా "కాదు" అన్న బదులు కూడా పనికివచ్చేలా ప్రశ్నను మలచుకోవడంలోనూ, అలా పోగైన "కాదు"లను జట్టు మొత్తం జ్ఞాపకం ఉంచుకోవడంలోనూ ఉందన్నది ఈ అధ్యాయంలో నిరూపించదలచిన విషయం.

ఈ ఆటలో రెండు తెగలున్నాయి. మొదటిది వస్తువును గాని వ్యక్తిని గాని స్థలాన్ని గాని పోల్చుకునే ఆట. దీనినే ఇరవై ప్రశ్నల ఆట అంటారు. రెండోది సంగతి విప్పే ఆట. ఇందులో నమ్మశక్యం కాని ఒక వాక్యాన్ని ముందు చెప్పి, అది ఎలా నిజమయిందో ప్రశ్నల ద్వారా రాబట్టమంటారు. తెలుగువారికి అనాదిగా అలవాటైన పొడుపుకథకు, ఈ రెండు తెగలకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. పొడుపుకథలో జవాబుకు కావలసిన ఆనవాళ్ళన్నీ ఆ ఒకటి రెండు పంక్తుల్లోనే ఇమిడి ఉంటాయి గనుక, తట్టినవారికి ఒక్కసారిగా తడుతుంది, తట్టనివారు ఓటమి ఒప్పుకుని జవాబు అడుగుతారు. ఇక్కడ ఆనవాళ్ళు ముందుగా ఇవ్వరు. వాటిని అడిగి సంపాదించుకోవాలి కాబట్టి పని పదిమందికి పంచుకోవడానికి వీలవుతుంది.

ఇరవై ప్రశ్నల ఆట 1946లో అమెరికాలో రేడియో కార్యక్రమంగా ప్రారంభమై, మరుసటి సంవత్సరం బ్రిటన్‌లో బీబీసీ ద్వారా ఇంటింటికీ చేరింది. దాచిన వస్తువు జంతు సంబంధమైనదా, వృక్ష సంబంధమైనదా, ఖనిజ సంబంధమైనదా అన్నది ముందే చెప్పడం అందులో ఆచారం. ప్రకృతిని ఈ మూడు రాజ్యాలుగా విభజించి 1735లో గ్రంథం వెలువరించిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ వర్గీకరణే ఇందుకు ఆధారం. ఇరవై అనే సంఖ్య వెనక ఒక లెక్క ఉంది. ప్రతి ప్రశ్న మిగిలిన అవకాశాలను సరిగ్గా రెండు సగాలుగా విడదీయగలిగితే, పది ప్రశ్నలతో 1,024 వస్తువుల్లో ఒకదాన్ని, ఇరవై ప్రశ్నలతో 10,48,576 వస్తువుల్లో ఒకదాన్ని ఖాయంగా పట్టుకోవచ్చు. సమాచార శాస్త్రానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన వ్యాసంలో సమాచారాన్ని కొలవడానికి వాడిన "బిట్" అన్న కొలమానం ఇటువంటిదే. రెండు సమానమైన అవకాశాల్లో ఏది నిజమో తేల్చే ఒక్క జవాబులో ఉన్న సమాచారమే ఒక బిట్.

తెలంగాణలో 2019 నుంచి ఉన్న 33 జిల్లాల్లో ఒకదాన్ని ఒకరు తలచుకున్నారని అనుకుంటే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. అయిదు ప్రశ్నలు 32 జిల్లాల వరకే సరిపోతాయి. ఒక్క జిల్లా ఎక్కువైనందువల్ల ఎంత నేర్పరికైనా పూచీగా తేల్చడానికి ఆరో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్నగా "హైదరాబాదా?" అని అడిగితే, కాదని బదులు వచ్చినప్పుడు ఇంకా 32 జిల్లాలు మిగిలే ఉంటాయి, అంటే ఒక ప్రశ్న ఖర్చయినా పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. "వేరే రాష్ట్రంతో సరిహద్దు ఉన్న జిల్లాయా?" అని అడిగితే, బదులు ఏదైనా దాదాపు సగం జిల్లాలు తప్పుకుంటాయి. రెండో ప్రశ్న అడిగినవారికి అవునన్నా లాభమే, కాదన్నా లాభమే. మొదటి ప్రశ్న అడిగినవారు అదృష్టం మీద ఆధారపడినట్టు.

అయితే సగానికి సగం అన్న సూత్రం అవకాశాలన్నీ సమానంగా ఉన్నప్పుడే చెల్లుతుందని గమనించాలి. కొన్ని జవాబులు ఇతరవాటికంటే ఎక్కువ సంభావ్యమైనప్పుడు, తలల లెక్కను బట్టి కాక సంభావ్యతను బట్టి సగం చేయాలి. దీనికి ఆటకు బయట ఒక గంభీరమైన ఉదాహరణ ఉంది. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, సైన్యంలో చేరేవారి రక్త నమూనాలను విడివిడిగా కాక కొన్నింటిని కలిపి ఒకేసారి పరీక్షించి, ఆ మిశ్రమంలో వ్యాధి కనిపించినప్పుడు మాత్రమే విడివిడిగా చూస్తే పరీక్షల సంఖ్య బాగా తగ్గుతుందని ప్రతిపాదించాడు. 2020 ఏప్రిల్‌లో కరోనా పరీక్షలకు కిట్లు చాలని రోజుల్లో భారత వైద్య పరిశోధన మండలి, వ్యాధి వ్యాప్తి 2 శాతం కన్నా తక్కువ ఉన్న ప్రాంతాల్లో అయిదు నమూనాల వరకు కలిపి పరీక్షించవచ్చని సూచించింది. "ఈ అయిదుగురిలో ఎవరికైనా ఉందా?" అన్న ఒకే ప్రశ్నకు చాలాసార్లు "లేదు" అన్న బదులు వస్తుందని ముందే తెలుసు గనుక ఆ పద్ధతి ఫలించింది, వ్యాధి విస్తరించిన చోట అదే ప్రశ్న వృథా అవుతుంది.

చాలా అవకాశాలను ఒకేసారి వడపోసే ప్రశ్న, ఒక్క జవాబునే ఊహించే ప్రశ్న అనే ఈ భేదాన్ని మనుషులు పుట్టుకతో ఎరుగరు. 1966లో మోషర్, హార్న్‌స్బీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బొమ్మల వరుస ఒకటి ముందు పెట్టి అందులో తాము తలచుకున్న బొమ్మను కనుక్కోమని ఆరు నుంచి పదకొండు సంవత్సరాల వయసు పిల్లలను అడిగిన అధ్యయనం ప్రచురించారు. ఆరేళ్ళవారు ఎక్కువగా ఒక్కొక్క బొమ్మను చూపించి ఇదా, ఇదా అని అడగగా, పదకొండేళ్ళవారు అది ఆడుకునే వస్తువా, పనిముట్టా అన్నట్టు ఒక్క ప్రశ్నతో అనేక బొమ్మలను తప్పించే పద్ధతికి వచ్చారు. పెద్దవారికి ఈ విద్య తెలిసే ఉంటుంది, కాని నలుగురి మధ్య కూర్చున్నప్పుడు జవాబు తన నోటి నుంచే రావాలన్న తహతహ పెరిగి, ఆరేళ్ళ పిల్లలు అడిగినట్టే అడగడం మొదలుపెడతారు. జట్టుగా ఆడేటప్పుడు ఎదురయ్యే మొదటి ఆటంకం ఇదే. ఎవరు కనుక్కుంటే వారికి మార్కులు అన్న నిబంధన దీన్ని ఇంకా ముదరబెడుతుంది గనుక, కలిసి ఆడదలచినవారు వ్యక్తిగతమైన మార్కులను పూర్తిగా మానుకోవడం మేలు.

"కాదు"కు జరిమానా వేసినా ఇలాంటి చెడుగే కలుగుతుంది. అమెరికాలో సీబీఎస్ సంస్థ 1950 నుంచి 1967 వరకు ప్రసారం చేసిన "వాట్స్ మై లైన్?" అనే టెలివిజన్ కార్యక్రమంలో, అతిథి ఏ వృత్తి చేస్తున్నాడో ఒక బృందం ప్రశ్నల ద్వారా కనుక్కోవాలి, ప్రతి "కాదు"కు అతిథికి అయిదు డాలర్లు వస్తాయి, పది "కాదు"లు పడితే బృందం ఓడినట్టు. ఈ నిబంధన ఉన్నందువల్ల బృందంలోని అనుభవజ్ఞులు "ఇది ఫలానా కాకుండా మరేదైనానా?" అని తిరగేసి అడిగి, ఎలాగైనా "అవును" రాబట్టే ఎత్తు అలవరచుకున్నారు. ఆ కార్యక్రమానికి అది తగిన తెలివే. ఇంట్లోనో తరగతిలోనో నేర్చుకోవడానికి ఆడేవారికి మాత్రం అది పనికిరాదు; ఎందుకంటే రెండు జవాబుల్లోనూ ఉన్న సమాచారం ఒక్కటే అయినప్పుడు, ఒకదాన్ని గెలుపుగా, రెండోదాన్ని ఓటమిగా భావించే అలవాటు దానివల్ల స్థిరపడుతుంది. పైగా "అతను చనిపోలేదా?" వంటి వ్యతిరేక ప్రశ్నకు తెలుగులో "అవును" అని బదులిస్తే చనిపోయాడనా, చనిపోలేదనా అన్న సందేహం మిగులుతుంది గనుక ప్రశ్నలన్నీ సూటిగా ఉండాలని మొదటే ఒప్పందం చేసుకోవాలి.

"కాదు" పట్ల ఉన్న ఈ విముఖత ఎంత లోతైనదో 1960లో పీటర్ వేసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగం చూపింది. ఆయన 2, 4, 6 అనే మూడు సంఖ్యలు ఇచ్చి, ఇవి ఒక నియమానికి లోబడి ఉన్నాయని చెప్పి, ఆ నియమాన్ని కనుక్కోవడానికి ఎవరికి తోచిన మూడేసి సంఖ్యలు వారు చెబుతూ పోతే అవి నియమానికి లోబడుతున్నాయో లేదో తాను చెబుతానన్నాడు. చాలామంది రెండేసి చొప్పున పెరగాలన్నదే నియమమని మనసులో అనుకుని, 8, 10, 12 అనీ, 20, 22, 24 అనీ చెప్పి ప్రతిసారీ "అవును" అనిపించుకుని, చివరికి ధీమాగా తప్పు నియమాన్ని ప్రకటించారు. అసలు నియమం వరుసగా పెరిగే ఏ మూడు సంఖ్యలైనా సరిపోతాయన్నంత సులభమైనది. 1, 2, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే రెండేసి చొప్పున అన్న ఊహ కూలిపోయేది. 6, 4, 2 అని అడిగి "కాదు" అనిపించుకుంటే క్రమానికి ఉన్న ప్రాధాన్యం తెలిసేది. పాల్గొన్న 29 మందిలో ఒక్క తప్పు నియమం కూడా ప్రకటించకుండా సరైనదాన్ని చేరుకున్నవారు ఆరుగురు మాత్రమే. తమ ఊహను బలపరిచే సాక్ష్యాన్నే వెతుక్కునే ఈ స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రంలో నిర్ధారణ పక్షపాతం అంటారు. ఇక్కడే జట్టుగా ఆడడం వల్ల మేలు కలుగుతుంది. తన ఊహను తానే పడగొట్టుకోవడం ఎవరికైనా కష్టం, పక్కవారి ఊహను పడగొట్టే ప్రశ్న మాత్రం సులభంగా తోస్తుంది. ఆ ప్రశ్నను తప్పుపట్టడంగా తీసుకోకుండా సాయంగా స్వీకరించే వాతావరణం జట్టులో ఉంటే చాలు.

సంగతి విప్పే ఆటలో చిక్కు మరో రకంగా ఉంటుంది. ఇక్కడ అవకాశాల జాబితా ముందు ఉండదు కాబట్టి సగానికి సగం చేయడానికి ఏదీ చేతిలో ఉండదు. ఆటగాళ్ళు తమకు తెలియకుండానే నమ్మిన ఒక విషయమే తాళంగా పనిచేస్తుంది. ఉదాహరణకు ఈ చిక్కు చూడవచ్చు: ఒక ఏడాది సెప్టెంబరు 5న లండన్ నగరంలో ఒక్కరూ పుట్టలేదు, ఒక్కరూ చనిపోలేదు, ఒక్క పెళ్ళీ జరగలేదు; ఎందుకు?

జట్టు సాధారణంగా కారణాలతో మొదలుపెడుతుంది. అంటువ్యాధి వచ్చిందా, యుద్ధమా, జనం ఊరు ఖాళీ చేశారా అన్న ప్రశ్నలన్నింటికీ "కాదు" అన్న బదులే వస్తుంది. పుట్టుకలు జరిగినా రాసి పెట్టలేదా అన్నదానికి కూడా "కాదు" అనే. నాలుగు "కాదు"లు పడేసరికి నిరుత్సాహం మొదలవుతుంది. నిజానికి ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, జనం మామూలుగా ఉన్నారని, దస్తావేజులు సక్రమంగా ఉన్నాయని, అంటే తప్పు జనంలో గాని లెక్కలో గాని లేదని తేలుతోంది. ఆ దశలో ఒకరు కారణాలను వదిలి కాలాన్ని పట్టుకుంటారు. అంతకుముందు రోజు, 4న, ఎవరైనా పుట్టారా? లేదు. ఆగస్టులో పుట్టారా? అవును. సెప్టెంబరు 20న? అవును. ఇలాంటి రోజులు వరుసగా కొన్ని ఉన్నాయా? అవును. అప్పుడు మరొకరు పుట్టుక, చావు, పెళ్ళి అనే మాటలు కట్టిన కంచెను దాటి, ఆ రోజు ఎవరైనా భోజనం చేశారా అని అడుగుతారు. లేదు. ఎవరైనా నిద్రలేచారా? లేదు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: అసలు ఆ తేదీ వచ్చిందా? లేదు.

ఆ సంవత్సరం 1752. ఏడాది నిడివిని నిజంకన్నా సుమారు 11 నిమిషాలు ఎక్కువగా లెక్కించిన జూలియన్ పంచాంగాన్ని విడిచిపెట్టి, 1582లో పోప్ 13వ గ్రెగరీ ప్రవేశపెట్టిన గ్రెగోరియన్ పంచాంగానికి బ్రిటన్, దాని వలసలు మారినప్పుడు, శతాబ్దాలుగా పోగుపడిన తేడాను సర్దడానికి 11 తేదీలను తీసివేశారు. సెప్టెంబరు 2 బుధవారం కాగా మరునాడు గురువారం 14వ తేదీ అయింది. ఈ వివరం పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివినవారు మరచిపోవచ్చు గాని, పదిహేను ప్రశ్నలతో తవ్వి తీసినవారు మరచిపోరు. ఒక ఏడాదిలో ప్రతి తేదీ వచ్చి తీరుతుందని తాము నమ్ముతున్నట్టు వారికి అంతవరకు తెలియదు. అందువల్ల సంగతి విప్పే ఆటలో ప్రశ్నలు నిలిచిపోయినప్పుడు చేయవలసిన పని, ఇచ్చిన వాక్యంలోని ఒక్కొక్క మాటను తీసుకుని, దాని వెంట ఎవరూ అడగకుండానే వచ్చి చేరిన నమ్మకమేదో పైకి చెప్పుకోవడం. మనిషి అన్నప్పుడు పెద్దవాడే అనుకున్నారా, గది అన్నప్పుడు నేలమీదే ఉందనుకున్నారా, రోజు అన్నప్పుడు ఉండి తీరాలనుకున్నారా అని విడదీసి చూడడమే ఆ పని.

జట్టు పని సాగడానికి ఒకరు రాతగాడిగా ఉండడం దాదాపు తప్పనిసరి. కాగితాన్ని నిలువుగా రెండుగా గీసి, ఒక వైపు తేలిన నిజాలను, మరో వైపు కొట్టివేసిన అవకాశాలను రాయాలి. ప్రశ్నను ప్రశ్నగా రాయడం కన్నా, జవాబుతో కలిపి "జనం ఊళ్ళోనే ఉన్నారు" అన్నట్టు వాక్యంగా రాయడం ఉపయోగకరం. అయిదారు ప్రశ్నలకు ఒకసారి ఆగి ఆ కాగితాన్ని పైకి చదవాలి. అడిగిన ప్రశ్ననే మరో మాటల్లో మళ్ళీ అడగడం, ఒకరు కొట్టివేసిన దారినే మరొకరు పట్టుకోవడం ఈ చదువుతో చాలావరకు ఆగుతాయి. అడిగే వంతు వరసగా తిరగడం కూడా మంచిదే, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు, అత్తమామలు, కొత్త కోడలు అందరూ కూర్చున్నప్పుడు నోరున్నవారే ఆట నడిపే ప్రమాదం ఉంటుంది గనుక. అయితే ఒక ప్రశ్నకు కొనసాగింపు వెంటనే తోచినవారికి వంతు తప్పించి అవకాశమివ్వడం సమంజసం. పట్టువిడుపులు లేని క్రమం ఆలోచన తెంపుతుంది.

ఆట నిలబడడం, చెడడం మాత్రం బదులిచ్చేవారి చేతిలో ఉంది. అవును, కాదు అన్న రెండు మాటలకు తోడు "సంబంధం లేదు" అన్న మూడో మాటను సంగతి విప్పే ఆటలో తప్పక అనుమతించాలి. చిక్కులోని మనిషి చొక్కా రంగు ఎరుపా అన్న ప్రశ్నకు కాదంటే, రంగుకు ప్రాధాన్యం ఉందన్న భ్రమతో జట్టు పచ్చ, నీలం అని తిరుగుతుంది. ప్రశ్నలో సందిగ్ధత ఉంటే మరోలా అడగమనాలి గాని, సగం నిజమైన "అవును" చెప్పకూడదు. తప్పు బదులు ఎంత ఖరీదైనదో గణితం కూడా చెప్పింది. పోలిష్ అమెరికన్ గణితవేత్త స్టానిస్లావ్ ఉలామ్ 1976లో వెలువడిన తన ఆత్మకథలో, పది లక్షల లోపు తలచుకున్న సంఖ్యను కనుక్కునేటప్పుడు బదులిచ్చేవారు ఒక్కసారి అబద్ధమాడే వీలుంటే ఎన్ని ప్రశ్నలు కావాలని అడిగారు. అబద్ధం లేకపోతే 20 చాలే చోట, ఒక్క అబద్ధానికి అవకాశమిస్తే 25 కావాలని 1987లో ఆండ్రెజ్ పెల్క్ నిరూపించారు. ఎక్కడ పడిందో తెలియని ఒకే ఒక్క తప్పు అయిదు ప్రశ్నల శ్రమ పెంచుతుంది. కనుక పొరపాటు బదులిచ్చానని తోచిన క్షణంలోనే ఆట ఆపి దిద్దుకోవడం బదులిచ్చేవారి ధర్మం, దానివల్ల జవాబు బయటపడే ప్రమాదం ఉన్నా సరే.

బదులుల మధ్య పొంతన ఎంత బలమైనదో భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ తరచుగా ప్రస్తావించిన ఒక ఆట తెలుపుతుంది. ఆయనను గది బయటకు పంపిన మిత్రులు ఏ పదమూ అనుకోకూడదని, ఎవరికి తోచిన బదులు వారు చెప్పవచ్చునని, అయితే అంతవరకు వచ్చిన బదులులన్నింటికీ సరిపడే పదం ఒక్కటైనా చెప్పేవారి మనసులో ఉండాలని నిర్ణయించుకున్నారు. ప్రశ్నలు పెరిగేకొద్దీ ఒక్కొక్క బదులుకు పట్టే సమయం పెరిగింది. చివరికి ఆయన "మేఘం" అనగా అందరూ అవునన్నారు. వీలర్ దీన్ని క్వాంటం భౌతిక శాస్త్రంలో పరిశీలకుడి పాత్రను వివరించడానికి వాడుకున్నారు. ఆట నేర్చుకునేవారికి ఇది ఒక చక్కని అభ్యాసంగా పనికివస్తుంది, ఎందుకంటే ఈ పద్ధతిలో బదులు చెప్పేవారు కూడా వెనకటి జవాబులన్నీ విని, గుర్తుంచుకుని, కలిపి ఆలోచించక తప్పదు. పదేళ్ళు దాటిన పిల్లలున్న చోట ఒకసారి ప్రయత్నించదగినది.

చిక్కుల ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. ప్రచారంలో ఉన్న పుస్తకాల్లో, చీట్ల పెట్టెల్లో హత్యలు, ఆత్మహత్యల కథలే ఎక్కువగా కనిపిస్తాయి; పిల్లల కోసం వాటికి బదులు చరిత్ర, భూగోళం నుంచి సొంతంగా తయారుచేసుకోవడం కష్టమేమీ కాదు. నిజమైన ఒక విశేషాన్ని తీసుకుని, దాని కారణాన్ని దాచి, ఫలితాన్ని మాత్రం ఒక వాక్యంలో చెబితే చిక్కు సిద్ధమవుతుంది. 1950లో గోదావరి పాయ ఒడ్డున తెలుగు కుటుంబంలో పుట్టిన ఒక బిడ్డ భారత ప్రభుత్వం ఏలుబడిలో పుట్టలేదు, ఎలా అన్న చిక్కును కాకినాడలో గాని కరీంనగర్‌లో గాని ఇవ్వవచ్చు. ఆటగాళ్ళు బిడ్డ తల్లిదండ్రుల గురించి, ఓడల గురించి, నిజాం గురించి అడిగి, చాలాసేపటికి ఊరి గురించి అడుగుతారు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేటికీ చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా పుదుచ్చేరికి చెందిన యానాం దగ్గరకు అప్పుడు వస్తారు. ఇటువంటి చిక్కు ఇచ్చేవారు జవాబు ఒక్కటే కాక, దాని చుట్టూ ఉన్న సంగతులు కూడా ముందుగా చదువుకుని ఉండాలి. ఆ ఊరు సముద్రానికి దగ్గరా, అక్కడ వేరే చట్టాలు ఉండేవా అన్న ప్రశ్నలకు తడుముకునేవారు తెలియకుండానే తప్పు బదులిస్తారు. జవాబు తేలిన తరువాత రాతగాడి కాగితాన్ని అందరి ముందు పరచి, ఏ ప్రశ్న తరువాత ఆట మలుపు తిరిగిందో, ఏ "కాదు"ను పట్టించుకోకపోవడంవల్ల ఆలస్యమయిందో గుర్తులు పెట్టి, ఆ మలుపు ప్రశ్న వేసినవారికే తరువాతి చిక్కు తయారుచేసే పని అప్పగించాలి.